గెలిపించుకున్న ఎమ్మెల్యే నాన్చుతుంటే ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మేం ఒక పాతిక మందిమి. రిటైరైన టీచర్లు, ఇద్దరు లాయర్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, దళిత సంఘాల కుర్రాళ్ళు. పోయిన ఎన్నికల్లో ఏ పార్టీ కండువా వేసుకోకుండానే ఒకాయన కోసం ఇంటింటికీ తిరిగాం. ఆయన గెలిచాడు. గెలిచాక ఏ పనీ కాదనకుండా, ఏ పనీ చేయకుండా రోజులు నెట్టడం నేర్చుకున్నాడు. అప్పట్నుంచి మాకు మేం వేసుకున్న ప్రశ్నలూ, కర్నూలు, కడప మిత్రులు ఫోన్ చేసి అడిగినవీ ఇవి. ఆయన పేరు, పార్టీ పేరు రాయను. ఎవరు చదివినా మా ఎమ్మెల్యే గురించే అనుకుంటారు, ఆ మాత్రం నమ్మకం ఉంది.

గెలిపించింది మేమే. మా మాట ఎందుకు వినడు?

మీరు గెలిపించారని మీకు తెలుసు. ఆయనకు తెలుసా? లెక్కింపు రోజు రాత్రి మనం టీవీ కట్టేసి, హమ్మయ్య అనుకుని పడుకున్నాం. మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఆయన గేటు ముందు గజమాలలతో నిలబడ్డవాళ్ళు వేరే. బిల్లులు ఆగిన కాంట్రాక్టరు, డీలర్‌షిప్ కావలసినవాడు, బదిలీ కావలసినవాడు, రాత్రికి రాత్రి కండువా మార్చినవాడు. వాళ్ళు అప్పట్నుంచి రోజూ వస్తూనే ఉన్నారు. మనం ఐదేళ్ళకోసారి కనిపిస్తాం.

ఇంకో సంగతి. జంకే నాయకుడికి ధైర్యం లేదని మనం తిట్టుకుంటాం గానీ, నాకు అర్థమైనంతలో అది చాలావరకు లెక్క. పని చేస్తే ఎవరికి కోపం వస్తుందో ఆయనకు పేర్లతో సహా తెలుసు. వాళ్ళ పెళ్ళిళ్ళకు పోయి భోంచేసి ఉంటాడు. పని చేయకపోతే ఎవరు దూరమవుతారో మాత్రం ఆయన కంటికి ఆనదు. ఆ రెండోవాళ్ళు ఆయనకు కనబడాలి. కింద రాసినవన్నీ దానికి పనిముట్లే.

మీరు ఎప్పుడూ చెప్పే ఆ శ్మశానం దారి సంగతేంటి?

మా మండలంలో ఒక ఊరు. ఎస్సీ కాలనీ నుంచి శ్మశానానికి దారి లేదు. రికార్డుల్లో రస్తా ఉంది, నేల మీద వేరుశనగ చేను ఉంది. పాడె పోవాలంటే చేను గట్టు మీదే పోవాలి. ఆ గట్టు ఒక మనిషి నడిచేంత వెడల్పు. ఒక వానాకాలం నేనూ వెంట నడిచాను. ఎడమవైపు మోసేవాళ్ళు గట్టు మీద, కుడివైపు వాళ్ళు చేలో. పాడె ఒక పక్కకు వాలిపోతోంది. ఊడలు దిగిన వేరుశనగ చెట్లు కాళ్ళ కింద నలుగుతుంటే చేను తాలూకు మనిషి అవతలి గట్టు మీద నిలబడి అరుస్తున్నాడు. పూలదండ జారి బురదలో పడింది. వంగి తీసే వీలు ఎవరికీ లేకపోయింది.

ఎన్నికలప్పుడు మా అభ్యర్థి ఆ కాలనీలో మంచం మీద కూర్చుని, "గెలిచిన మూడు నెలల్లో దారి వేయిస్తానమ్మా" అన్నాడు. గెలిచాక, "చూద్దాం లేప్పా, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం" అన్నాడు. చేను వాళ్ళ కుటుంబానికి మూడు ఊళ్ళలో మాట చెల్లుబాటు ఉంది. నాన్చుడంతా అందుకే.

మనిషి మంచివాడే. కొంచెం టైమివ్వాలి కదా?

ఇవ్వండి. ఎంత టైమిస్తున్నారో ఆయనకు చెప్పి ఇవ్వండి. "మాకేం తొందర లేదు సార్" అన్నామా, మన కాగితం కట్ట అడుక్కి పోతుంది. మేం మొదటి నెలలోనే మూడంటే మూడు పనులు రాసి, ఒక్కోదానికి ఒక తేదీ వేసి ఇచ్చాం. కర్నూలు మిత్రులు ఇరవై ఏడు డిమాండ్లతో వినతిపత్రం ఇచ్చారు. వాళ్ళ ఎమ్మెల్యే అందులోంచి పార్కులో బెంచీలు, ఒక వీధి దీపం ఏరుకుని చేసేసి, "మీ డిమాండ్లు నెరవేరుస్తున్నాం" అని ఫొటోలు వేయించుకున్నాడు. ఎక్కువ అడిగితే సులువైనది ఎంచుకునే వీలు మనమే ఇచ్చినట్టు.

ఎమ్మెల్యే చేతిలో అసలేముంది? అంతా పైనుంచే కదా?

సగం నిజం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్‌కు (ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశానికి) వ్యతిరేకంగా సభలో ఓటేస్తే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. కాబట్టి "మా కోసం మీ పార్టీకి ఎదురు ఓటెయ్యండి" అని అడగడం వృథా. మంత్రి పదవి ఆశ ఇంకో ముక్కుతాడు. 175 మంది ఉన్న సభలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండకూడదు. తక్కిన అందరూ ఎప్పుడో ఒకప్పుడు పిలుపు వస్తుందని నోరు కట్టేసుకుని కూర్చుంటారు.

కానీ విప్‌తో పని లేనివి చాలా ఉన్నాయి. సభలో నక్షత్రం గుర్తు ప్రశ్న వేయొచ్చు, దానికి మంత్రి సభలోనే జవాబు చెప్పాలి. జీరో అవర్‌లో, అంటే సభలో అత్యవసర విషయాలు ఎత్తే సమయంలో, లేవనెత్తొచ్చు. మంత్రి సభలో ఇచ్చిన మాటను వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మండల పరిషత్, జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశాల్లో కూర్చుని అధికారులను నిలదీయొచ్చు. మనం ప్రశ్న రాసిచ్చి, "ఈ సమావేశాల్లో ఇది వేయండి సార్" అంటే ఆయనకు శ్రమ తప్పుతుంది కూడా. వేయలేదంటే ఎందుకు వేయలేదో అడగడానికి మనకు ఒక పట్టు దొరుకుతుంది.

వీటన్నిటికన్నా పెద్దది ఆయన ఫోను. తహసీల్దారుకు ఒక ఫోన్ కొడితే సర్వేయరు మర్నాడు గొలుసు పట్టుకుని వస్తాడు. కొట్టకపోతే ఆరు నెలలు సెలవులోనే ఉంటాడు. చట్టంలో ఎక్కడా లేని ఈ అధికారం గురించి ఎమ్మెల్యేలు ఎప్పుడూ మాట్లాడరు. "నా చేతిలో ఏముందప్పా" అంటూనే మనం చూస్తుండగా ఇంకొకరి కోసం ఎస్సైకి ఫోన్ చేస్తారు.

కలవడానికి పోతే ఏం పట్టుకుపోవాలి?

మేం మొదటిసారి శాలువా పట్టుకుపోయాం. సిగ్గుగా ఉన్నా చెప్పాలి. పాతిక మందిమీ పోయాం, అందరికీ టీ, ఉస్మానియా బిస్కెట్లు. ఆయన ఒక్కొక్కరి పేరూ గుర్తుపెట్టుకుని పలకరించాడు. సెల్ఫీలయ్యాయి. దారి సంగతి ఎత్తితే పీఏ ఒక నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చాక మాలో ఒకాయన, "ఏం చెప్పినాడు?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇప్పుడు ఎనిమిది మందికి మించి పోము. ఒకే కాగితం, దాని మీద సర్వే నంబరు, వెనక ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల పటం) నకలు. మాట్లాడేది ఇద్దరే, అందులో ఒకరు కాలనీ మనిషి. ఎందుకంటే రిటైర్డ్ హెడ్మాస్టరు ఉపన్యాసాన్ని ఆయన తల ఊపుతూ ఎంతసేపైనా వినగలడు. తన మొగుడి పాడె ఆ గట్టు మీద పోయిన మనిషి ఎదురుగా కూర్చుంటే తల ఊపడం కష్టం. ఇంకొకరు రాసుకుంటారు. లేచేముందు ఆయన చెప్పింది ఆయనకే చదివి వినిపిస్తాం. "అయితే సార్, పదిహేనో తారీఖులోపు సర్వే. అంతేనా?" ఆ సాయంత్రమే పీఏకు అదే వాట్సాప్ పెడతాం. టీ తాగుతాం, అది మానితే అవమానమనుకుంటారు. సెల్ఫీ మాత్రం పని అయ్యాకే.

ఎంతమంది ఉంటే లెక్కలోకి తీసుకుంటారు?

తల లెక్క కన్నా బూత్ లెక్క ముఖ్యం. ఎన్నికల తర్వాత ఫారం 20 అని ఒక పట్టిక తయారవుతుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీరు తిరిగిన బూత్‌ల వరుసలు తీసి, ఆయన ఆధిక్యం పక్కన పెట్టి చూడండి. మేం ఆ కాగితం ఆయన ముందు పెట్టినప్పుడు బెదిరించలేదు, గొంతు పెంచలేదు. "ఈ నాలుగు బూత్‌లు సార్" అన్నాం, అంతే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రెండేళ్ళలో ఆయన మా కాగితం పూర్తిగా చదవడం అదే మొదటిసారి.

ఒక జాగ్రత్త. మన వల్ల పడని ఓట్లు మన ఖాతాలో వేసుకోకండి. మనకన్నా ఆయనకు బూత్ లెక్కలు బాగా తెలుసు, ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలూ పోతాయి.

సమాచార హక్కు, సోమవారం గ్రీవెన్స్ పనికొస్తాయా?

పని చేయించవు. సాకులు తీసేస్తాయి. "ఫైలు కలెక్టరేట్‌లో ఉందప్పా" అని ఆయన అంటే, అది ఎక్కడుందో సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. మా ఫైలు కలెక్టరేట్‌కు పోనే లేదని, తహసీల్దారు ఆఫీసు బీరువాలోనే ఉందని అలాగే తెలిసింది.

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి నంబరు వస్తుంది, ఆ నంబరు దాచుకోండి. కొన్నాళ్ళకు "పరిష్కరించబడినది" అని మెసేజ్ వస్తుంది. ఏం పరిష్కరించారని అడిగితే, "సంబంధిత అధికారికి పంపడమైనది" అంటారు. ఇది ప్రతి ప్రభుత్వంలోనూ ఉన్న జబ్బే. మళ్ళీ తెరిపించండి.

బయట విమర్శిస్తే అవతలి పార్టీకి మేలు చేసినట్టు కాదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. మాలో ఇద్దరు దీని మీదే అలిగి కొన్నాళ్ళు రాలేదు.

రెండు పాత సంగతులు చెప్తాను. మొదటిది మన జిల్లాలోనే ముగిసింది. 2004లో కేంద్రంలో వచ్చిన ప్రభుత్వానికి వామపక్షాలు బయటినుంచి మద్దతిచ్చాయి. ఉపాధి హామీ ఆ ప్రభుత్వం ఇచ్చిన మాట. కానీ 2004 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు నీళ్ళు కలిపిన పాలలా ఉంది. పేదలని గుర్తించిన కుటుంబాలకే పని, అదీ ప్రభుత్వం ఇష్టమైనప్పుడు ఆపేయొచ్చు. దాని మీద గట్టిగా గొడవ చేసింది ప్రతిపక్షం కాదు, ఆ ప్రభుత్వం రావాలని కోరుకున్నవాళ్ళే. మద్దతిస్తున్న పార్టీలు, సామాజిక కార్యకర్త అరుణా రాయ్, ఆర్థికవేత్త జాన్ డ్రేజ్ లాంటివాళ్ళు, ఊరూరా తిరిగిన కూలీల సంఘాలు. 2005 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించే నాటికి ఏ గ్రామీణ కుటుంబమైనా ఏడాదికి 100 రోజుల పని అడగొచ్చని మారింది. 2006 ఫిబ్రవరి 2న దాన్ని మొదలుపెట్టింది మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం తర్వాత ఏమైందన్నది వేరే కథ. కానీ ఆ గొడవ వల్ల ప్రభుత్వం పడిపోలేదు. 2009లో మళ్ళీ గెలిచింది, ఆ గెలుపులో ఉపాధి హామీకీ వాటా ఉందని చాలామంది చెప్పారు.

రెండోది సారా వ్యతిరేక ఉద్యమం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టింది మన కర్నూలు, అనంతపురం వైపుకూ పాకింది. ఆ ఏడాది అక్టోబరులో ముఖ్యమంత్రి అయినది కోట్ల విజయభాస్కరరెడ్డి, కర్నూలు మనిషి. సారా ఆదాయం ఖజానాకు పెద్ద దిక్కు, ఆయనేమో దూకుడు మనిషి కాదు. ఆడవాళ్ళు ఏ పార్టీనీ అడగలేదు, ఏ పార్టీకీ భయపడలేదు. దుకాణాల వేలంపాటలు జరగనీయలేదు. వేలం జరగకపోతే ఆదాయమే లేదు, ఇక కాపాడుకోవడానికి ఏముంది? 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో తర్వాతి ప్రభుత్వం సడలించింది. సడలించే నాటికి వీధిలో ఆడవాళ్ళు లేరు. నాకు ఆ ఉద్యమం గెలుపు ఎంత గుర్తుందో ఈ తోక కూడా అంతే గుర్తుంటుంది.

మరి అవతలి పార్టీ వాడుకోదా అంటే, వాడుకుంటుంది. మా దారి మీద వాళ్ళ నాయకుడొకడు ప్రెస్‌మీట్ పెట్టాడు. ఆయన హయాంలో ఐదేళ్ళు ఆ దారి అలాగే ఉందని మేమే విలేకరులకు చెప్పాం. ఎవరినీ వెనకేసుకు రాకుండా మన పని మనం చెప్పుకుంటే ఆ భయం సగం పోతుంది.

ధర్నా ఎప్పుడు? పర్మిషన్ కావాలా?

మొదటి నెలలో వద్దు. తేదీ చెప్పి, అది దాటి, గుర్తుచేసి, అదీ దాటాక. పోలీసులకు ముందుగా రాసివ్వండి, రసీదు తీసుకోండి. 30 యాక్ట్ (పోలీసు చట్టం 30వ సెక్షన్) అమల్లో ఉందంటారు, గుంపులు కూడొద్దనే 144 సెక్షన్ అంటారు (2024 జులై నుంచి దాని నంబరు 163, అయినా అందరం 144 అనే అంటాం). అవి ఉన్నంత మాత్రాన శాంతియుతంగా కూడే హక్కు రద్దయిపోదు. 2023 జనవరిలో రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేస్తూ ప్రభుత్వం ఒకటో నంబరు జీవో తెస్తే, మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

రోడ్డెక్కితే ఎంత తొందరగా కదులుతారో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ చూపించింది. అక్కడి అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేసి చూస్తారని తెలియగానే, 2024 నవంబరులో చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డు మీద కూర్చున్నాయి. కొద్ది రోజుల్లోనే తవ్వకాలు ఉండవని ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ పార్టీలకు అతీతంగా ఊరంతా కదిలింది. మా దారి విషయంలో ఊరే రెండుగా ఉంది, అందుకే మాకు అంత సులువు కాలేదు.

కేసులు పెడితే? ఊళ్ళో బతకనిస్తారా?

అనంతపురం టౌన్లో కూర్చుని దీనికి ధైర్యంగా జవాబు రాయడం నాకు తేలిక. ఊళ్ళో ఉండేవాళ్ళకు కాదు. ఫ్యాక్షన్ చల్లబడిందంటారు, నిజమే. కానీ పొలానికి నీళ్ళు, కూలి పని, అప్పు ఇంకా ఆ ఇళ్ళ గుండానే రావాలి.

శ్మశానం వాడుకోకుండా దళితులను అడ్డుకోవడం అట్రాసిటీ చట్టం కింద నేరం, 2015 సవరణలో స్పష్టంగా రాశారు. మా లాయరు మిత్రుడు మొదటి రోజే కేసు వేద్దామన్నాడు. కాలనీ పెద్దమనిషి ఒకాయన, "కేసు మీరు ఏస్తారు సామీ, రేపు పొద్దున ఆ చేలో కలుపుకు పొయ్యేది మేము" అన్నాడు. కేసు వేయాలా వద్దా, ఎప్పుడు వేయాలి అన్నది వాళ్ళ నిర్ణయం. మనం చట్టం చెప్పి ఊరుకోవాలి, వేస్తామంటే వెంట ఉండాలి. టౌన్ మేధావులం ఈ విషయంలో చాలాసార్లు తప్పు చేశాం.

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఏకితే చాలదా?

కడుపు మంట చల్లారుతుంది. ఆయన సోషల్ మీడియా కుర్రాడికి పని దొరుకుతుంది. రాయాలనుకుంటే ఇచ్చిన మాట, తేదీ, ఇవాళ్టి ఫొటో పెట్టండి చాలు. తిట్లు వద్దు, కులం ఎత్తొద్దు, ఇంట్లోవాళ్ళ జోలికి అసలే పోవద్దు.

రీకాల్ చేయొచ్చా?

లేదు. మన దేశంలో ఎమ్మెల్యేను మధ్యలో వెనక్కి పిలిచే చట్టం లేదు.

మనలో ఒకరికి పదవి ఇస్తామంటే?

వస్తుంది, సిద్ధంగా ఉండండి. మార్కెట్ యార్డు డైరెక్టరో, ఏదో ఒక సలహా కమిటీ సభ్యత్వమో. మాలో అందరికన్నా గట్టిగా మాట్లాడే ఒకాయనకు వచ్చింది. తీసుకున్నాడు. మంచిదే, లోపలినుంచి పని చేయిస్తాడనుకున్నాం. మూడు నెలలకు, "సార్ మీద ఒత్తిడి ఎక్కువుంది, మనం అర్థం చేసుకోవాలి" అని మాకే చెప్పడం మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఇప్పటికీ స్నేహితుడే. పదవి తీసుకున్నవాళ్ళు మన తరఫున మాట్లాడకూడదని ఆ తర్వాత నియమం పెట్టుకున్నాం. ముందే పెట్టుకుని ఉంటే ఒక స్నేహం అంత నలిగేది కాదు.

శంకుస్థాపన జరిగింది. గెలిచినట్టేనా?

ఈ ప్రశ్న కడప వాళ్ళు అడగకూడదు! 2007లో జమ్మలమడుగు దగ్గర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన. 2014 విభజన చట్టం కడప ఉక్కు సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించమంది. 2018లో ఒక శంకుస్థాపన, 2019లో ఇంకొకటి, 2023లో భూమిపూజ. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, రాళ్ళు మాత్రం పెరిగాయి. అందుకే మనం రాయి అడగకూడదు. టెండరు తేదీ, మొదటి బిల్లు ఎప్పుడు చెల్లిస్తారు అన్నవి అడగాలి.

ఈ రాళ్ళ సంప్రదాయాన్ని సీమ రైతులు ఒకసారి భలే తిప్పికొట్టారు. 2016 మే 31న కృష్ణా నది మీద సిద్ధేశ్వరం అలుగు (నీళ్ళు నిలిపే తక్కువ ఎత్తు కట్ట) కోసం ఎవరినీ పిలవకుండా వాళ్ళే పోయి శంకుస్థాపన చేశారు. దారిలో పోలీసులు ఆపినా ఆగలేదు. అలుగు కట్టలేదు గానీ, ఆ మాట అప్పట్నుంచి సీమలో ప్రతి నాయకుడి నోట్లో నానుతోంది.

పని చేస్తే పొగడాలా?

పొగడాలి, అందరి ముందూ. ఆ చేను వాళ్ళకు కోపం తెప్పించి మన పని చేసినవాడికి ఆ సాయంత్రం ఫోన్లో తిట్లే వస్తాయి. మన దగ్గర్నుంచి ఒక్క మంచి మాటైనా రాకపోతే ఇంకోసారి ఎందుకు చేస్తాడు? సర్వే జరిగిన రోజు కాలనీ ఆడవాళ్ళే ఆయన ఇంటికి పోయి చెప్పి వచ్చారు. మేం శాలువా కొనలేదు.

చివరికి ఆ దారి ఏమైంది?

పదిహేనో తారీఖు దాటి నలభై రోజులకు సర్వేయరు వచ్చాడు. కొలిచారు, ఆరు చోట్ల రాళ్ళు పాతారు. వేపచెట్టు దాకా గ్రావెల్ పడింది. అక్కణ్ణుంచి శ్మశానం గేటు దాకా ఇంకా గట్టే. పోయిన నెల నాలుగో రాయి ఎవరో పీకేశారు. గుంత పక్కన ఆ రోజు పేపరు పెట్టి ఫొటో తీసి పీఏకు పంపాం, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. బుధవారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ క్యాంపు ఆఫీసుకు పోతున్నాం. ఈసారి మాట్లాడేది ఆ రోజు చేలో దిగి పాడె మోసిన కుర్రాడు.